ఎనిమిదో బస్తా దగ్గర గీత

మిరపకాయల బస్తా మీద అరచెయ్యి ఆనించి, లోపల కాయ ఎంత తడిగా ఉందో చెప్పగలిగినవాళ్లు పిచ్చయ్య షావుకారు కొట్లో ఇద్దరే ఉండేవాళ్లు. ఒకడు ముఠా మేస్త్రి కోటిలింగం. రెండోవాడు అతని ముఠాలోనే బస్తాలు మోసే రంజాను. కోటిలింగం తాగేవాడు. రంజాను జన్మలో సారా ముట్టుకోలేదు. చివరికి నడుము విరిగింది రంజానుకే.

ముందు ఆ అరచేతి సంగతి చెప్పాలి. పర్చూరు నుంచీ వినుకొండ నుంచీ బళ్ల మీద గుంటూరు చేరిన కాయలో ఆడవాళ్లు తాలు ఏరతారు. బాగా ఎండిన కాయని తొక్కితే పొడైపోతుంది. అందుకని నీళ్లు చల్లి, మెత్తబడ్డాక గోతంలో పోస్తారు. ఒక మనిషి ఆ గోతంలోకి దిగి కాళ్లతో తొక్కుతాడు. ఆ ఘాటుకి ఒంట్లో మండని చోటంటూ ఉండదు. అట్లా తొక్కిన బస్తా నాలుగు రోజులు ఆరేసరికి లోపల కుంగి గుల్లవుతుంది. కాబట్టి పచ్చి బస్తాని గోదాములో కింది వరసలో వెయ్యకూడదు. వేస్తే దాని మీద పేర్చిన నెట్టు, అంటే బస్తాల దొంతర, మొత్తం ఒరుగుతుంది. కింద ఏది వెయ్యాలో ఏది వెయ్యకూడదో తేల్చడం మేస్త్రి పని. దానికి అతని అరచెయ్యి తప్ప వేరే కొలత లేదు.

ఇక బోణీ. మాఘమాసంలో కాయ దిగడం మొదలైన రోజున షావుకారు కొట్టు అరుగు మీద కూర్చుంటాడు. ముఠా అంతా ఎదురుగా నిలబడుతుంది. ఆ ఏడు కూలి ఎంత, పని ఎట్లా, నెట్టు ఎంత ఎత్తు, అన్నీ షావుకారు తన నోటితో చెబుతాడు. గుమాస్తా సారా గ్లాసు తెచ్చి మేస్త్రి చేతికిస్తాడు. మేస్త్రి తాగితే ఒప్పుకున్నట్టు. మళ్లీ ఏడాది దాకా నోరెత్తడానికి లేదు. మేస్త్రి తాగాకే మిగతావాళ్లకి గ్లాసులు. అతను తాగేదాకా ఎవడూ ముట్టడు.

మద్యనిషేధం ఉన్న రోజులు కదా, సారా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడక్కండి. నిషేధం హమాలీ గుడిసె వాకిలి దాకానే వచ్చేది. షావుకారు గోదాములోకి సారా లారీ ట్యూబుల్లో, గోతాల కట్టల మధ్య పడుకుని దర్జాగా వచ్చేది.

కోటిలింగం వినుకొండ అవతలి పల్లె నుంచి పదిహేనో ఏట వచ్చాడు. గోతంలో దిగిన మొదటి రోజునే ఎవడో గ్లాసు చేతిలో పెట్టి, "గొంతులో ఘాటు దిగాలంటే ఇది పడాల్సిందేరా," అన్నాడట. అది నమ్మకం కాదు, షావుకార్ల ఏర్పాటు. ముప్ఫై ఏళ్లకి మేస్త్రి అయ్యాడు. పొద్దెక్కి వచ్చేవాడు, బూతులు తిట్టేవాడు, చెయ్యి చేసుకునేవాడు. నిన్న ఎవరికి ఏం మాటిచ్చాడో ఇవాళ గుర్తుండేది కాదు. అయినా పిచ్చయ్యకి అతనంటే ఇష్టం. ఇష్టం ఎందుకుండదు? ఒక గ్లాసుకి ఏడాది పొడుగునా నోరుమూసే మేస్త్రి ఊరికే దొరుకుతాడా?

పంతొమ్మిది వందల యాభై ఏడులో బోణీ నాడు పిచ్చయ్య, "ఈ ఏడు సరుకెక్కువ. పన్నెండు వరసలు ఎత్తాలి," అన్నాడు. అప్పటిదాకా తొమ్మిదే ఎక్కువ. ముఠాలో గుసగుసలు పోయాయి. అప్పటికే తెల్లారి నుంచి తాగి ఉన్న కోటిలింగం గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో దించాడు. అంతే, అయిపోయింది.

ఆ మధ్యాహ్నమే నెట్టు మొదలెట్టారు. రంజాను కింది వరస మీద చెయ్యి వేసి చూసి, "మేస్త్రీ, ఇది పచ్చిగా ఉంది. నాలుగు రోజులు ఆగుదాం," అన్నాడు.

కోటిలింగం వచ్చి బస్తా మీద ఫెడీమని కొట్టాడు. "నా చేతికి తెలవదంట్రా? నువ్వు చెప్పాలా నాకు? ఎక్కించండి!"

ఆ పూట అతని చేతికి ఏమీ తెలియలేదు. తెలియలేదన్న సంగతి కూడా తెలియలేదు.

అయిదో రోజున నెట్టు ఒరిగింది. రంజాను వీపున బస్తాతో ఏటవాలు బల్ల ఎక్కి పదకొండో వరస మీద ఉన్నాడు. ముందు అతను పడ్డాడు. తర్వాత బస్తాలు అతని మీద పడ్డాయి. కాయ దుమ్ము పొగలాగా లేచి, లాగడానికి వెళ్లినవాళ్లకి కళ్లు కనిపించలేదు. ప్రాణం మిగిలింది కానీ నడుము కింద కాళ్లు మళ్లీ కదల్లేదు.

పిచ్చయ్య రెండే మాటలన్నాడు. "వాడు తాగి పడ్డాడు. మేస్త్రీ, అంతేనా?"

కోటిలింగం తల వంచుకున్నాడు. అవునని అనలేదు. కాదనీ అనలేదు. అక్కడే తాలు ఏరుతున్న రంజాను భార్య అమీర్‌బీ లేచి వచ్చింది. అరవలేదు.

"నా మొగుడు నోరు వాసన చూడు కోటిలింగమన్నా. తర్వాత నీది చూసుకో," అంది.

అతను తాగుడు మానేసింది ఆ రోజున. ఏ సభలోనూ ప్రమాణం చెయ్యలేదు, ఏ దేవుడి ముందూ చెయ్యి చాపలేదు. తొమ్మిది రోజులు గుడిసెలో పడి వణికాడు. ఒంటి మీద చీమలు పాకుతున్నాయని గోక్కుని రక్తాలు చేసుకున్నాడు. భార్య వెంకాయమ్మ మజ్జిగ తాగించేది, అతను కక్కేవాడు.

"ఎన్నాళ్లయ్యా ఈ ముచ్చట?" అని అడిగింది పదో రోజున, అతను లేచి కూర్చున్నాక.

"తెల్దు."

"తెలవకపోతే పో. పోయి తాగు. నన్ను మాత్రం ఆశపెట్టమాక."

ఆమెకు నమ్మకం కుదరడానికి ఏడాది పట్టింది. తాగుబోతు పెళ్లానికి ఆశ కూడా ఒక దెబ్బే, అది తగలకుండా ఆమె ఒళ్లు దాచుకుంది.

మూడు నెలలకి అరచెయ్యి తిరిగొచ్చింది. బస్తా మీద ఆనిస్తే లోపలి చెమ్మ మళ్లీ తెలిసింది. దానితోపాటు ఇంకా చాలా తెలిశాయి. ముఠాలో వెంకయ్యకి ఎడమ కన్ను సరిగ్గా ఆనదని, ఇరవై ఏళ్లు పక్కన పనిచేసి, అప్పుడు గమనించాడు. అతన్ని బల్ల ఎక్కించడం మాన్పించి గోతాలు కుట్టే పనిలో పెట్టాడు. తెల్లారకముందే గోదాముకి వచ్చి కింది వరస తనే తట్టి చూసుకునేవాడు. చెయ్యి చేసుకోవడం మానేశాడు. తాగిన కోపం పోయాక కొట్టడానికి అతనికి కారణమే కనపడలేదు. వెంకాయమ్మ అన్న కొడుకు బుల్లయ్య, పాతికేళ్లవాడు, ముఠాలోనే ఉండేవాడు. వాడి చెయ్యి పట్టుకుని బస్తా మీద పెట్టించి తన విద్య నేర్పాడు.

"ఏందయ్యో మేస్త్రీ, ఈ మధ్య నీ దగ్గర మనిషి వాసన వస్తంది!" అనేది తాలు ఏరే పున్నమ్మ, నలుగురూ నవ్వేలా.

మగవాళ్లకి మాత్రం నవ్వు రాలేదు. వెంకయ్య మొహం మీదే అన్నాడు. "తాగని మేస్త్రిని నేను చూళ్లా. షావుకారుతో కలిశావా, లేకపోతే రోగమా?"

"రెండూ కాదు."

"మరి మాతో కూచోవేం?"

"కూచుంటా. మీరు తాగండి, నేను కూచుంటా."

కూర్చున్నాడు కూడా. తాగొద్దని ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్లు తాగుతుంటే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడట, వణుకు కనపడకుండా. అంతకంటే పెద్ద ఉపన్యాసం నేనైతే వినలేదు. ఖద్దరు కట్టి, కారు దిగి, తాగవద్దని కూలీలకి చెప్పి పోయే పెద్దలు ఆ చేతుల్ని ఒక్కసారి చూసి ఉండాల్సింది.

బోణీ దగ్గరపడ్డాక అతనొక పని చేశాడు. ఏ మేస్త్రీ ఎప్పుడూ చెయ్యనిది. ముఠాలో ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, "ఈసారి షావుకారుని ఏం అడగమంటారు?" అన్నాడు. జనం బిత్తరపోయారు. తర్వాత తలా ఒకటి చెప్పారు. చివరికి రంజాను మంచం దగ్గరికి పోయాడు.

రంజాను పైకప్పు చూస్తూ అన్నాడు. "ఆ రోజు నేను చెప్పా, మేస్త్రీ. నువ్వు విన్లా."

"విన్లా."

"ఇప్పుడు ఇను. ఎనిమిదికి మించి ఎత్తొద్దు. ఇంకేం అడక్కు. అన్నీ అడిగితే ఏదో ఒకటిచ్చి పంపిస్తాడు."

యాభై ఎనిమిది బోణీ రోజున పిచ్చయ్య అరుగు మీద కూర్చుని ఎప్పటిలాగే చెప్పాడు. పన్నెండు వరసలు. గుమాస్తా గ్లాసు తెచ్చాడు. కోటిలింగం అందుకుని అరుగు మీద, షావుకారు మోకాలి పక్కన పెట్టాడు.

"ఎనిమిది వరసలండి. ఒప్పుకుంటే పనిలోకి దిగుతాం."

"ముందు తాగరా. తర్వాత మాట్లాడుకుందాం."

"తాగితే మాటుండదు కదండి."

ముఠా వెనక నుంచి ఒకడు, "తాగవయ్యా మేస్త్రీ, మా గొంతులెండుతున్నయ్," అన్నాడు. ఇంకొకడు తిట్టాడు. చిక్కు అక్కడే ఉంది. అతను ముట్టకపోతే ఎవడికీ చుక్క లేదు. షావుకారుకి అది బాగా తెలుసు. విసనకర్ర తిప్పుకుంటూ కూర్చున్నాడు. మేస్త్రి మీదికి ముఠా తిరగబడుతుందని చూస్తున్నాడు.

తిరగబడేవాళ్లే. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కాయ బళ్లు సందు చివరిదాకా ఆగిపోయాయి. ఎడ్లు రొప్పుతున్నాయి, రైతులు అరుస్తున్నారు. ముఠా కాస్త కాస్తగా కోటిలింగం మీదికి జరుగుతోంది. అప్పుడు పున్నమ్మ తాలు చాట కింద పెట్టి లేచింది.

"ఏరా వెంకయ్యా, ఒక్క పూట గొంతెండితే చస్తావా? రంజానుకి ఏడాది నుంచి కాళ్లెండినయ్!"

వెంకయ్య ఆగాడు. వెనకవాళ్లు ఆగారు. పిచ్చయ్య విసనకర్ర ఆగింది.

"సరే. ఎనిమిది," అన్నాడు.

కోటిలింగం అంతటితో వదల్లేదు. కాగితం రాయించాడు. గుమాస్తా చదివితే విని, మళ్లీ చదివించుకుని, అందరి చేతా వేలిముద్రలు వేయించాడు. బస్తాల మీద గుర్తులు వేసే ఎర్ర రంగు తెప్పించి, గోదాము గోడ మీద ఎనిమిదో బస్తా ఎత్తున తన చేత్తో గీత గీశాడు. గీత తిన్నగా వచ్చింది. ఆడవాళ్ల గుంపులోంచి అది చూసి వెంకాయమ్మ మొదటిసారి ఏడ్చిందని చెబుతారు. తర్వాత అతను అరుగు మీది గ్లాసు తీసుకెళ్లి వెంకయ్యకి ఇచ్చాడు.

"ఇప్పుడు తాగు మామా. మాటైపోయింది."

ఆ ఏడు పిచ్చయ్య గోదాములో ఒక్క బస్తా జారలేదు. చెమ్మ తేల్చడానికి పక్క కొట్ల నుంచి అతన్ని పిలిచేవాళ్లు. పన్నెండుమంది ముఠా ముప్ఫై మందైంది. నాలుగు గోదాముల్లో ఎర్ర గీతలు లేచాయి. ఇవన్నీ మంచి సంగతులే. మనిషి తాగుడు మానితే బాగుపడతాడని చెప్పే కథలు ఇక్కడే ఆగుతాయి. బాగుపడ్డ కూలివాణ్ణి చూసి ఎవరికి నిద్ర పట్టదో ఆ కథలు చెప్పవు.

తాగుబోతు కోటిలింగం ఖరీదు ఒక గ్లాసు. తాగని కోటిలింగం ఖరీదెంతో పిచ్చయ్యకి అంతుబట్టలేదు. పిలిచి కుర్చీ వేయించాడు. గోదాముల మీద పెత్తనం ఇస్తానన్నాడు.

"గీతలుంటాయాండి?" అని అడిగాడు కోటిలింగం.

"నీకెందుకయ్యా గీతలు? నువ్వు బస్తా మొయ్యక్కర్లేదుగా!"

"అయితే వద్దండి."

యాభై తొమ్మిది బోణీకి మూడు రోజుల ముందు పట్టపగలు పోలీసు జవాన్లు వచ్చారు. ఎక్కడా తడుముకోలేదు. హమాలీల పాకలోకి తిన్నగా పోయి, కోటిలింగం కొక్కెం, తలగుడ్డ పెట్టుకునే గోతం విప్పారు. అందులో రెండు ట్యూబుల సారా ఉంది. ఇరవై ఐదేళ్లు తాగినప్పుడు ఏ జవానూ అతని ముఖం చూడలేదు. రెండేళ్లుగా చుక్క ముట్టనివాణ్ణి సారా కేసులో బేడీలేసి పట్నంబజారు మీదుగా నడిపించారు. డాక్టరు నోరు వాసన చూసి, ఏ వాసనా లేదని రాశాడు. తాగాడని కాదు, దాచాడని కేసు పెట్టారు.

సాక్షి బుల్లయ్య. వెంకాయమ్మ అన్న కొడుకు. ఆ గోతం మేస్త్రిదేనని కోర్టులో చెప్పాడు. అది నిజమే, గోతం మేస్త్రిదే. ట్యూబులు ఎవరివని వాణ్ణి ఎవరూ అడగలేదు. ఆరు నెలలు శిక్ష పడింది. కేసు తేలకముందే, బోణీ నాటికే బుల్లయ్య మేస్త్రి. గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో దించాడు. వారం తిరక్కుండా గోదాములకి సున్నం కొట్టించారు.

కోటిలింగం బయటికొచ్చాక అక్టోబరు రెండున ఊళ్లో మద్యనిషేధం మీద సభ జరిగింది. వేదిక మీద పిచ్చయ్య. "మా కొట్లోనే ఒక మేస్త్రి సారాతో దొరికాడు. మనవాడే కదా అని నేను ఉపేక్షించలేదు. నేనే పట్టించాను," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, దండ వేశారు. వేదికకి కుర్చీలు మోసినవాళ్ల దగ్గర గుప్పున సారా వాసన. జనం వెనకాల నిలబడ్డ కోటిలింగం సాంతం విని ఇంటికి పోయాడు. పిచ్చయ్య చెప్పినదాంట్లో ఒక్కటి నిజమని అతనికి అప్పుడు రూఢి అయింది. నేనే పట్టించాను అన్నది.

ఏ కొట్టూ అతన్ని రానివ్వలేదు. రైలు గూడ్సు షెడ్డులో బస్తాలు మోశాడు, మామూలు కూలీగా. మళ్లీ తాగడానికి అంతకంటే మంచి కారణం ఎవరికీ దొరకదు. వెంకాయమ్మ రోజూ సాయంత్రం వాకిట్లో నిలబడి అతని నడక చూసేది. నడక తిన్నగానే ఉండేది.

అరవై బోణీ అయిన మర్నాడు పిచ్చయ్య గోదాము తలుపు దగ్గరికి వెళ్లాడు. బుల్లయ్య ఒక్కడే ఉన్నాడు. నెట్టు పది దాటింది. సున్నం కింద ఎర్ర గీత లేతగా కనపడుతోంది.

"మామా, నువ్విక్కడికి రాకూడదు," అన్నాడు బుల్లయ్య.

"కింది బస్తా మీద చెయ్యి పెట్టు."

బుల్లయ్య పెట్టాడు. చెయ్యి వణుకుతోంది. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. అయినా ఆగలేదు.

"పచ్చిది," అన్నాడు కోటిలింగం తను ముట్టకుండానే, గోతం రంగు చూసి.

"నాకూ తెలుసు మామా."

"తెలిస్తే ఎందుకెక్కిస్తన్నావురా?"

"గ్లాసు తాగాగా."

కోటిలింగం వెనుదిరిగాడు. కొడతాడనుకున్నానని బుల్లయ్య తర్వాత చెప్పాడు. కొట్టి ఉంటే బాగుండేదని కూడా అన్నాడు.

ఆరో రోజున నెట్టు కూలింది. సెలవు రోజు, లోపల మనిషి లేడు. గోడ పగిలి, మద్రాసు వ్యాపారి సరుకు నూట యాభై బస్తాలు చినిగి మట్టిపాలయ్యాయి. ఆ వ్యాపారి స్వయంగా రైలెక్కి వచ్చి గోదాములో నిలబడి కేకలు వేశాడు. ఇంత ఎత్తు పేర్చడానికి బుద్ధి ఉందా అన్నాడు. షావుకారు చేతులు కట్టుకుని విన్నాడు. రంజాను నడుము విరిగితే రాని కేకలవి. కాయ పగిలితే వచ్చాయి.

అరవై ఒకటి బోణీకి రెండు రోజుల ముందు, పొద్దున్నే, బుల్లయ్య కోటిలింగం గుడిసెకి వచ్చాడు. వెంకాయమ్మ మేనల్లుణ్ణి చూసి మొహం తిప్పుకుని లోపలికి పోయింది. వాడు గడప బయటే నిలబడ్డాడు.

"మామా, షావుకారు మళ్లీ గీత గీయించాడు. ఎర్ర రంగుతోనే."

కోటిలింగం తలగుడ్డ చుట్టుకుంటున్నవాడు ఆగాడు. "ఎన్నో బస్తా దగ్గర?"

"తొమ్మిది."



"ఒకటి ఎక్కువ," అన్నాడు కోటిలింగం.

"ఒకటేగా మామా."

"రంజానుతో పోయి చెప్పు, ఒకటేనని."

కోటిలింగం తలగుడ్డ ముడి బిగించి కొక్కెం చేతికి తీసుకున్నాడు.

"బోణీ ఎల్లుండేగా. అరుగు దగ్గరికి నేనూ వస్తా, నీ వెనక నిలబడతా. నువ్వు గ్లాసు ముట్టకుండా ఉండగలవా?"

బుల్లయ్య తన కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. అది వణుకుతూనే ఉంది.